మాట చేయందించిన కాలం: మహమ్మారిలో మెదడు గాయపడిన వయోజనుల సామూహిక వ్యాయామం – భాషాదృష్టి

వ్యాససంగ్రహం:

రోడ్డు ప్రమాదం, పక్షవాతం వంటి కారణాలవల్ల మెదడు గాయపడిన వయోజనులకు ఆసుపత్రి చికిత్స ముగిసిన తరువాత నలుగురితో కలిసి చేసే వ్యాయామం పునరావాసంలో ముఖ్యమైన దశ. 2020లో కోవిడ్-19 మహమ్మారి ఈ దశను ఇంటి గోడల మధ్యకు నెట్టింది. శిక్షకుడు చేయి ఆనించి చేయించే పనిని మాటతో చేయించవలసి వచ్చింది. అయితే మెదడు గాయంలో తరచుగా దెబ్బతినేది ఆ మాటను అందుకునే శక్తే. ఈ వైరుధ్యాన్ని టొరంటో నగరంలోని ఒక కార్యక్రమం ఆధారంగా, నాడీమనోవిజ్ఞాన భావనల సాయంతో వివరించి, తెలుగులో వ్యాయామ ఆదేశవాక్యం ఎలా ఉండాలో చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: మెదడు గాయం, సామూహిక వ్యాయామం, కోవిడ్-19, ఆదేశవాక్యం, పునరావాసం, తోడు మనిషి.

1. ఉపోద్ఘాతం:

తెలుగువారి వాడుకలో మెదడు గాయానికి నేరుగా పేరు లేదు. “చేయి పడిపోయింది”, “ఒక పక్క పడిపోయింది”, “మాట పడిపోయింది” అంటాం. ‘పక్షవాతం’ అనే మాటలోని పక్షం కూడా పార్శ్వమే. గాయం తలలో ఉన్నా పేరు మాత్రం చేతికీ, కాలికీ, నోటికీ పెట్టాం. కంటికి కనిపించేదానికే జనం పేరు పెడతారు కాబట్టి ఇందులో తప్పుపట్టవలసింది లేదు. చిక్కు మరొకచోట ఉంది. చేయి పడిపోలేదు, కాలు పడిపోలేదు, మాట వస్తూనే ఉంది. అయినా మనిషి మునుపటిలా లేడు. ఈ స్థితికి వాడుకలో పేరు లేకపోవడంతో దాన్ని బద్ధకమనో, మొండితనమనో, “చెబితే తప్ప చేయడు” అనో ఇంట్లోవారు చెప్పుకుంటారు.

ఈ “చెబితే తప్ప చేయడు” అనే ఫిర్యాదు వైద్యపరంగా ఒక ఖచ్చితమైన లక్షణాన్ని సూచిస్తుంది. మెదడు ముందరి భాగం దెబ్బతిన్నవారిలో పని చేయగల శక్తి ఉండి కూడా పని మొదలుపెట్టే శక్తి లోపించవచ్చు. లేవగలడు, కానీ లేవడు. నడవగలడు, కానీ ఎవరో ఒకరు కదిలించేదాకా కూర్చునే ఉంటాడు. ఇటువంటి వ్యక్తికి వారంలో ఒక రోజు, ఒక వేళ, ఒక చోటు, ఎదురుచూసే నలుగురు మనుషులు ఉండడం చికిత్సలో భాగమే. 2020 మార్చిలో మూతపడింది ఈ చోటే.

ఇది వైద్యవ్యాసం కాదు. వ్యాయామాన్ని సూచించే అధికారం వైద్యులకూ ఫిజియోథెరపిస్టులకూ మాత్రమే ఉంది. వారు సూచించినదాన్ని రోగికి చేర్చేది భాష. ముఖాముఖి కలుసుకునే వీలు లేని రోజుల్లో ఆ భాషపై పడిన బరువును పరిశీలించడం తెలుగు పరిశోధకుల పరిధిలోకి వచ్చే పనేనని నా అభిప్రాయం.

2. మెదడు గాయం – వ్యాయామం అవసరం:

పుట్టిన తరువాత జీవితంలో ఎప్పుడైనా మెదడుకు కలిగే నష్టాన్ని ‘ఆర్జిత మెదడు గాయం’ అనవచ్చు. తలకు తగిలిన దెబ్బ, మెదడులో రక్తస్రావం, రక్తనాళం మూసుకుపోవడం, ప్రాణవాయువు అందకపోవడం, మెదడువాపు, కంతి – వీటిలో ఏదైనా కారణం కావచ్చు. మనదేశంలో రోడ్డు ప్రమాదాలను తలచుకుంటే సమస్య పరిమాణం కొంత అర్థమవుతుంది. కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వశాఖ లెక్కల ప్రకారం 2019లో రోడ్డు ప్రమాదాల్లో 1,51,113 మంది మరణించగా 4,51,361 మంది గాయపడ్డారు. లాక్‌డౌన్ వల్ల వాహనాలు నిలిచిపోయిన 2020లో కూడా గాయపడినవారు 3,48,279 మంది. వీరందరికీ తలకే దెబ్బ తగిలిందని కాదు. తగిలినవారి లెక్కను ప్రత్యేకంగా చూపే వరుస ఈ అంకెల్లో లేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. వాటిలోనూ మెదడు గాయానికి విడిగా స్థానం లేదు. చేయి పడిపోతే చలన వైకల్యం కింద, మాట పోతే వాక్ వైకల్యం కింద నమోదవుతుంది. వాడుకభాష అవయవానికి పేరు పెట్టినట్టే చట్టం కూడా చేసింది.

ఇటువంటివారిలో శారీరక దారుఢ్యం తగ్గిపోవడం మామూలు. నెలల తరబడి మంచాన ఉండడం, పడిపోతామన్న భయం, అలసట, ఉద్యోగం పోయి ఇంటికే పరిమితం కావడం ఒకదానికొకటి తోడవుతాయి. తలకు దెబ్బ తగిలినవారికి గుండె, ఊపిరితిత్తుల సామర్థ్యాన్ని పెంచే వ్యాయామాలపై కాక్రేన్ సంస్థ 2017లో ప్రచురించిన సమీక్షకు దొరికిన ప్రయోగాలు 8 మాత్రమే. వ్యాయామం సామర్థ్యాన్ని పెంచుతుందని చెప్పడానికి ఆధారం ఉంది కానీ అది బలహీనమైనదని ఆ సమీక్ష నిర్ణయించింది. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020 నవంబరులో విడుదల చేసిన శారీరక శ్రమ మార్గదర్శకాల్లో వైకల్యంతో జీవిస్తున్నవారికి మొట్టమొదటిసారిగా ప్రత్యేక సూచనలు చేర్చింది. వయోజనులు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేయాలనీ, రెండు రోజులకు తక్కువ కాకుండా కండరాలను బలపరిచే వ్యాయామం చేయాలనీ సూచించింది. ఈ సూచన వెలువడిన నాటికి ప్రపంచంలో చాలాచోట్ల వ్యాయామకేంద్రాలు మూతపడి ఉన్నాయి, లేదా సగం తలుపులు తెరిచి ఉన్నాయి.

3. టొరంటో నమూనా:

ఆసుపత్రికీ ఇంటికీ మధ్య ఒక మెట్టు ఉండాలన్న ఆలోచనకు కెనడాలోని టొరంటో నగరంలో రూపుదిద్దుకున్న ‘టైమ్’ కార్యక్రమం మంచి ఉదాహరణ. ‘టుగెదర్ ఇన్ మూవ్‌మెంట్ అండ్ ఎక్సర్‌సైజ్’ అన్నది దాని పూర్తిపేరు; ‘కలిసి కదులుదాం, కలిసి వ్యాయామం చేద్దాం’ అని దాని భావం. టొరంటో పునరావాస సంస్థలోని ఫిజియోథెరపిస్టులు రూపొందించిన ఈ కార్యక్రమం నడిచేది ఆసుపత్రిలో కాదు, పేటల్లోని సామాజిక వినోదకేంద్రాల్లో. పక్షవాతం, మెదడు గాయం, మల్టిపుల్ స్క్లెరోసిస్ వంటి కారణాలతో నిలకడ, నడక దెబ్బతిన్నవారు ఇందులో చేరతారు. వ్యాయామం చేయించేవారు అక్కడి మామూలు ఫిట్‌నెస్ శిక్షకులు. వారికి ఫిజియోథెరపిస్టులు ముందుగా తర్ఫీదునిస్తారు, తరువాత కూడా సలహాదారులుగా ఉంటారు. కుర్చీలోంచి లేవడం, నిలబడి బరువును ఒక కాలి మీదనుంచి మరో కాలి మీదకు మార్చడం, మెట్టు ఎక్కడం, నడవడం – ఇవే వ్యాయామాలు. నిత్యజీవితంలోని పనులనే మళ్ళీమళ్ళీ చేయించడం ఈ పద్ధతి సారం.

ఇక్కడ గమనించవలసింది స్థలమార్పిడి. ఆసుపత్రిలో రోగిగా ఉన్న మనిషి వినోదకేంద్రంలో సభ్యుడవుతాడు. పక్క గదిలో పిల్లలు బంతాట ఆడుకుంటుంటారు. అదే తలుపులోంచి ఇతనూ లోపలికి వస్తాడు. నా దృష్టిలో ఇది వ్యాయామపు చిట్టాకన్నా పెద్ద విషయం. మన తెలుగు పట్టణాల్లోని తాలింఖానాలకు ఆ పేరు తెచ్చిన ‘తాలీం’ అనే అరబ్బీ మాటకు నేర్పడం అని అర్థం. అక్కడికి వెళ్ళినవాడు శిష్యుడు. మనిషి పిలుపును, తన్ను తాను చూసుకునే తీరును చోటు మారుస్తుందనడానికి ఇదీ ఒక నిదర్శనమే. అయితే సాము, గరిడీ, కసరత్తు వంటి మన వ్యాయామపదజాలమంతా బలవంతుల కోసం పుట్టింది. తూలే కాలితో నిలబడే మనిషి కోసం దాన్ని మళ్ళీ కూర్చుకోవలసి ఉంది.

2020 మార్చి 17న ఒంటారియో రాష్ట్రం అత్యవసర స్థితిని ప్రకటించింది. వినోదకేంద్రాలు మూతపడ్డాయి. టైమ్ కార్యక్రమానికి తరువాత ఇంటినుంచే పాల్గొనే రూపాన్ని తయారుచేశారు. టొరంటోలో ఒకే తరగతిలో వేర్వేరు మాతృభాషలవారు కూర్చుంటారు; తెలుగువారూ ఆ నగరంలో ఉన్నారు. అటువంటిచోట ఆదేశం మాటలో ఎంత, సైగలో ఎంత, చేతి స్పర్శలో ఎంత అన్న ప్రశ్న ముఖాముఖి తరగతిలో పెద్దగా బయటపడదు. శిక్షకుడు పక్కన నిలబడి మోచేయి పట్టుకుంటే అర్థం దానంతటదే చేరుతుంది. తెర మీద ఆ సౌకర్యం లేదు.

4. ‘సామాజిక దూరం’, ‘భౌతిక దూరం’:

మనదేశంలో 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది. అదే రోజు కేంద్రప్రభుత్వం దూరవైద్యానికి సంబంధించిన మార్గదర్శకాలను విడుదల చేసింది. ఆసుపత్రుల్లోని బయటిరోగుల విభాగాలు చాలావరకు నిలిచిపోయాయి. పార్కులకు తాళాలు పడ్డాయి. వ్యాయామశాలలకూ యోగాకేంద్రాలకూ ఆగస్టు 5 నుంచి మాత్రమే అనుమతి దొరికింది. 65 ఏళ్ళు దాటినవారూ ఇతర జబ్బులున్నవారూ అప్పుడూ ఇంట్లోనే ఉండాలన్నారు. పక్షవాతం వచ్చినవారిలో చాలామంది ఈ కోవకే చెందుతారు.

తెలుగు పత్రికల్లో మొదట ‘సామాజిక దూరం’ అన్న మాట విరివిగా కనిపించింది. ప్రపంచ ఆరోగ్యసంస్థ మార్చి 20న ‘భౌతిక దూరం’ అన్న మాటకు మారుతున్నట్టు తెలిపింది. మనుషులు శారీరకంగా ఎడంగా ఉండాలే తప్ప సంబంధాలు తెంచుకోనక్కరలేదన్నది ఆ మార్పులోని ఆంతర్యం. తెలుగులో తరువాత రెండు మాటలూ కలగలిసి వాడుకలో ఉన్నాయి. కులం పేరిట దూరం పాటించిన చరిత్ర ఉన్న సమాజంలో ‘సామాజిక దూరం’ అన్న మాట ఎంత ఇబ్బందికరమైనదో వేరే చెప్పనక్కరలేదు. మెదడు గాయపడినవారి విషయంలో ఈ రెంటి భేదం మరొక విధంగా తేలుతుంది. ఆరోగ్యవంతుడైన ఉద్యోగికి భౌతిక దూరం పాటిస్తూనే ఫోనులో సంబంధం నిలుపుకోవడం సాధ్యం. ఫోను అందుకుని తనంతట తాను మాట మొదలుపెట్టలేని మనిషికి భౌతిక దూరమే సామాజిక దూరమైపోతుంది.

5. చేయి చేసే పనిని మాట చేయగలదా:

ముఖాముఖి తరగతిలో శిక్షకుని చేయి మూడు పనులు చేస్తుంది: పడకుండా ఆపుతుంది, ఎటు కదలాలో చూపుతుంది, ఇక కదలమని చెబుతుంది. దూరవ్యాయామంలో మొదటిది తోడు మనిషి పాలవుతుంది. మిగిలిన రెండూ మాట మీద పడతాయి. మెదడు గాయం విషయంలో ఇది ఎంత కష్టమో తెలియాలంటే నాడీశాస్త్ర చరిత్రలో కొంత వెనక్కి వెళ్ళాలి.

రష్యన్ నాడీమనోవైజ్ఞానికుడు అలెగ్జాండర్ లూరియా మెదడు ముందరి భాగం దెబ్బతిన్నవారిని ఏళ్ళ తరబడి పరిశీలించాడు. మనిషి ఉన్నత మానసిక ప్రక్రియలపై 1962లో వెలువడిన ఆయన గ్రంథంలో ఒక విచిత్రమైన విషయం వివరంగా కనిపిస్తుంది. చేయి ఎత్తమని అడిగితే రోగి ఆ ఆదేశాన్ని సరిగ్గా వింటాడు, తిరిగి చెబుతాడు కూడా. కానీ చేయి లేవదు. మాట తెలుసు, అర్థం తెలుసు, శరీరం పనిచేస్తుంది. మాట శరీరాన్ని నడిపించే దారి మాత్రం తెగిపోయింది. పిల్లలు మొదట పెద్దల మాటతోనూ, తరువాత తమ పైకి వినిపించే మాటతోనూ, చివరకు మనసులోని మాటతోనూ తమ చేతలను అదుపుచేసుకుంటారన్న సిద్ధాంతాన్ని లూరియా తన గురువు విగోత్స్కీ దారిలో అభివృద్ధి చేశాడు. పునరావాసంలో దీన్ని తిరగేసి వాడుకునే పద్ధతి ఉంది. రోగి తనకు తానే పైకి చెప్పుకుంటూ చేస్తాడు. “పాదాలు వెనక్కి... ముందుకు వంగాలి... లే” అని తన నోటితో తాను చెప్పుకోవడం పిచ్చితనంగా కనిపించవచ్చు. నిజానికది తెగిన దారికి వేసుకునే తాత్కాలిక వంతెన. ఇంట్లోవారికి ఈ సంగతి ముందుగా చెప్పకపోతే వారు నవ్వి ఆపించే ప్రమాదం ఉంది.

జర్మన్ వైద్యుడు హ్యూగో లీప్‌మన్ 1900లో వివరించిన మరొక స్థితిని ‘అప్రాక్సియా’ అంటారు. కండరాల్లో బలహీనత లేదు, ఆదేశం అర్థమవుతుంది. అయినా అడిగిన కదలికను చేసి చూపలేరు. “నీళ్ళు తాగుతున్నట్టు చేసి చూపండి” అంటే చేయి తడబడుతుంది. గ్లాసు చేతికిస్తే మామూలుగా తాగుతారు. అంటే ఆదేశం గాలిలో ఉంటే చేరదు, వస్తువుతో కలిసి వస్తే చేరుతుంది. తెర మీద శిక్షకుడు “చేతిని భుజం ఎత్తుకు చాపండి” అన్నప్పుడు తడబడే మనిషి, “అలమరలోంచి డబ్బా అందుకోండి” అంటే అందుకోవచ్చు. వ్యాయామశాలలో లేని వస్తువులు ఇంట్లో ఉంటాయి. మహమ్మారి కాలపు ఇంటి వ్యాయామానికి ఇది దొరికిన ఒక అనుకూలత. దీన్ని వాడుకోవాలంటే ఆదేశాలను అవయవాల పేర్లతో కాక ఇంటి పనుల పేర్లతో రాయాలి.

గాబ్రియేలె వుల్ఫ్, ఆమె సహపరిశోధకులు 1998 నుంచి చేసిన ప్రయోగాలు ఈ దిశలోనే మరొక సంగతి చెప్పాయి. కొత్త కదలికను నేర్చుకునేవారి ధ్యాసను తమ అవయవం మీద కన్నా ఆ కదలిక ఫలితం మీద నిలిపితే మెరుగ్గా నేర్చుకుంటారు. “కాలిని కిందికి తొయ్యండి” అనడానికీ “నేలను నొక్కండి” అనడానికీ తేడా ఇదే. ఆరోగ్యవంతులలో స్పష్టంగా కనిపించిన ఈ తేడా పక్షవాతం వచ్చినవారిలో అన్ని ప్రయోగాల్లోనూ ఒకేలా తేలలేదు. కాబట్టి దీన్ని సూత్రంగా పట్టుకోవడం తొందరపాటు. శిక్షకుడు రెండు విధాలా చెప్పి చూసి, ఏది చేరుతున్నదో గమనించాలి.

మాట సాయపడుతుంది, అదే మాట అడ్డం కూడా వస్తుంది. 1997లో లాన్సెట్ పత్రికలో స్వీడన్ పరిశోధకులు ఒక చిన్న పరిశీలనను ప్రచురించారు. వృద్ధులతో కలిసి నడుస్తూ మాట కలిపితే కొందరు జవాబు చెప్పడానికి నడక ఆపేస్తారు. అలా ఆగినవారే తరువాతి నెలల్లో ఎక్కువగా పడిపోయారు. నడకకూ మాటకూ ఒకే ధ్యాస పంచవలసి వచ్చినప్పుడు ఏదో ఒకటి తగ్గుతుంది. మెదడు గాయపడినవారిలో ఈ పంపకం ఇంకా ఇరుకైనది. అందువల్ల నిలబడి ఉన్న మనిషికి పొడవైన వాక్యం చెప్పకూడదు. ముందు కూర్చోబెట్టి చెప్పాలి, తరువాత లేపి, లేచాక ఒక్క మాటతో నడిపించాలి. “బాగా చేస్తున్నారండీ, నిన్నటికన్నా ఎంతో నయం, ఏదీ ఇంకొక్కసారి” అన్న ఉత్సాహపు మాటల జల్లు కూర్చున్నాక కురవవలసినది.

6. తెలుగు ఆదేశవాక్యం:

ఇప్పుడు మన భాష సంగతి. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. “కుర్చీ వెనుక భాగాన్ని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, కుడికాలిని నెమ్మదిగా వెనక్కి చాపి, అయిదు లెక్కపెట్టేవరకు అలాగే ఉంచి, దించండి” అన్న వాక్యాన్ని చూడండి. క్త్వార్థకాలు గొలుసుకట్టిన ఈ వాక్యం పుస్తకంలో చక్కగా ఉంటుంది. వినేవాడు మాత్రం చివరి సమాపకక్రియ వచ్చేదాకా అన్నిటినీ జ్ఞాపకంలో మోయాలి. జ్ఞాపకం దెబ్బతిన్న మనిషికి ఇది మోయలేని బరువు. దీన్ని విడగొట్టాలి: “కుర్చీ పట్టుకోండి. గట్టిగా. కుడికాలు. వెనక్కి. ఉంచండి. దించండి.” ఒక్కొక్క మాటకూ ఒక్కొక్క కదలిక. మాటకూ మాటకూ మధ్య విరామం. అసమాపకక్రియల అందాన్ని తరగతి గదిలో బోధించే మనకు ఇది కొంచెం ముతకగా తోచవచ్చు, కానీ పని జరిగేది ఈ వాక్యాలతోనే.

కుడి, ఎడమల చిక్కు వేరు. శిక్షకుడు తెర మీద ఎదురుగా ఉంటాడు. అతని కుడి చూసేవారికి ఎడమవైపున కనిపిస్తుంది. కొన్ని అప్లికేషన్లు ఎవరి బొమ్మను వారికి అద్దంలోలా తిప్పి చూపుతాయి, కాబట్టి గందరగోళం రెట్టింపవుతుంది. పైగా మెదడు కుడివైపు గాయపడిన కొందరికి ఎడమ దిక్కు అన్నదే స్పృహలో ఉండదు. తరగతి గదిలో అయితే “కిటికీ వైపు తిరగండి” అంటే సరిపోయేది. ఇప్పుడు ప్రతి ఇంట్లో కిటికీ వేరే దిక్కున ఉంది. మన రైతులు కాడికి కట్టిన ఎడ్లను ‘దాపటి ఎద్దు’, ‘వలపటి ఎద్దు’ అని స్థానాన్నిబట్టి పిలుచుకున్నారు. మనిషి ఎటు తిరిగినా పొరపడని ఏర్పాటది. అటువంటిదే ఇక్కడా కావాలి. ఎడమ మణికట్టుకు ఎర్రదారమో, రంగు రిబ్బనో కట్టి “ఎర్ర చేయి” అనడం సులభం. తోడు మనిషి మొదటి రోజే దాన్ని కట్టిపెట్టాలి.

ఆదేశరూపాల్లో తెలుగుకు ఒక సంపద ఉంది. “లే”, “లేవండి”, “లేద్దాం” మూడూ ఒకే పనిని కోరుతాయి. కానీ సంబంధాలు వేరు. మెదడు గాయపడిన వయోజనులతో చుట్టూ ఉన్నవారు క్రమంగా పిల్లలతో మాట్లాడినట్టు మాట్లాడడం మొదలుపెడతారు. నిన్నటిదాకా ‘మీరు’ అన్న నోళ్ళు ‘నువ్వు’కు దిగుతాయి. “ఏదీ, చెయ్యెత్తు నాన్నా” అన్న మాటలో ప్రేమ ఉంది, కాదనలేం. యాభై ఏళ్ళ మనిషికి ఆ మాట తన స్థానం మారిపోయిందని కూడా చెబుతుంది. అత్తగారి ఎదుట, కోడలి ఎదుట, మనుమల ఎదుట అలా వినవలసివస్తే కొందరు వ్యాయామమే మానుకుంటారు. ఇంట్లో ఇల్లాలు “లేవండి” అన్న భర్తను శిక్షకుడు తెర మీదనుంచి “లే” అనడం ఎలా కుదురుతుంది?

‘-దాం’ రూపం ఈ ఇబ్బందిని దాటుతుంది. తెలుగులో ‘మేము’, ‘మనం’ అన్న భేదం ఉంది. వినేవాణ్ని కలుపుకునేది ‘మనం’. “లేద్దాం”, “నడుద్దాం”, “ఇంకొక్కసారి చేద్దాం” అన్న రూపాల్లో ఆ మనం దాగి ఉంది. చెప్పేవాడు కూడా చేస్తున్నాడన్న సూచన ఉంది. సామూహిక వ్యాయామానికి వ్యాకరణం ముందే సిద్ధం చేసిపెట్టిన రూపమిది. ఒక హెచ్చరిక మాత్రం అవసరం. గాయంవల్ల భాషాశక్తి తగ్గినవారికి “లేద్దామా?” అన్న ప్రశ్నరూపం నిజంగా ప్రశ్నలాగే వినిపిస్తుంది. “వద్దు” అన్నది దానికి న్యాయమైన జవాబే అవుతుంది. మర్యాద కోసం ఆదేశాన్ని ప్రశ్నగా మార్చే మన అలవాటు ఇక్కడ పనికిరాదు.

శ్రమను కొలిచే మాట కూడా కావాలి. స్వీడన్‌కు చెందిన గున్నర్ బోర్గ్ రూపొందించిన శ్రమసూచిక 6 నుంచి 20 వరకు ఉంటుంది. ఆ అంకెను పదితో హెచ్చిస్తే ఆరోగ్యవంతుని నాడివేగానికి దగ్గరగా వస్తుందన్న లెక్క మీద దాన్ని కట్టారు. అంకెలతో ఇబ్బందిపడే మనిషికి ఇది అక్కరకు రాదు. దీనికన్నా సులువైన పరీక్ష మాటల పరీక్ష: వ్యాయామం చేస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అప్పుడది ఓ మోస్తరు శ్రమ. తెలుగు ఇళ్ళలో ఇది తేలిగ్గా అర్థమయ్యే కొలత. పద్యం ఎత్తుకుని రాగం తీయగలుగుతుంటే శ్రమ చాలలేదు. రెండు మాటలు కూడా పలకలేకపోతుంటే ఎక్కువైంది. అయితే మాట పడిపోయినవారికి ఈ కొలత వర్తించదు. వారి ముఖంలో, ఊపిరిలో చూసుకోవలసిందే. ‘అలసట’ అన్న మాటతోనూ జాగ్రత్త కావాలి. కాళ్ళు అలసిపోవడం వేరు, మెదడు అలసిపోవడం వేరు. రెండోదానికి ‘బడలిక’ అన్న మాటను ప్రత్యేకించుకోవచ్చునని నా సూచన. తెరను చూస్తూ, చిన్నచిన్న గళ్ళలో ముఖాలను పోల్చుకుంటూ ఉండేసరికి ఆ బడలిక కండరాల అలసటకన్నా ముందే వస్తుంది.

7. ఇల్లు, తోడు మనిషి:

తెరమీది పాఠం గదిలోకి దిగేసరికి నేలను తాకాలి. మన ఇళ్ళలో గ్రానైటు నేల మీద ప్లాస్టిక్ కుర్చీ జారుతుంది. దాన్ని గోడకు ఆనించకపోతే లేచే మనిషి వెనక్కి పడతాడు. నులకమంచం, నవారుమంచం లోపలికి కుంగుతాయి కాబట్టి వాటి మీదనుంచి లేవడం సాధన చేయలేరు. తడిగచ్చు, హవాయి చెప్పులు, నేలను తాకే కుచ్చిళ్ళు, వదులైన లుంగీ అన్నీ పడగొట్టేవే. మూర్ఛలు ఉన్నవారికీ రక్తపోటు అదుపులో లేనివారికీ వైద్యుని అనుమతి లేకుండా ఏదీ మొదలుపెట్టకూడదు.

ఈ జాగ్రత్తలన్నీ చూసుకునే మనిషి ఎక్కువగా భార్యో, తల్లో, కూతురో. లాక్‌డౌన్‌లో ఆమెకే వంట, పిల్లల ఆన్‌లైన్ తరగతులు, ఇంట్లో ఉన్న ఒకే ఒక స్మార్ట్‌ఫోను. అదివరకు తరగతికి తీసుకువెళ్ళి వదిలిపెట్టిన గంటసేపు ఆమె బయట బల్ల మీద కూర్చుని తోటివారితో కష్టసుఖాలు మాట్లాడుకునేది. ఆ గంట కూడా పోయింది. పునరావాస సాహిత్యం రోగి నష్టాన్ని లెక్కించినంతగా ఈ బల్ల మీది మాటలను లెక్కించదు. దూరవ్యాయామాన్ని రూపొందించేవారు రోగికి ఎన్ని నిమిషాలు కేటాయిస్తారో, తోడు మనుషులు తమలో తాము మాట్లాడుకోవడానికి కూడా కొన్ని నిమిషాలు విడిగా కేటాయించాలి. ఆ నిమిషాల్లో రోగి పక్కన లేకుండా చూడడం కూడా వారి బాధ్యతే. తన గురించి తన ఎదుటే మూడో మనిషిలా చెప్పుకోవడం ఎవరికీ ఇష్టముండదు.

8. లయ, తెర, దూరదర్శన్:

ఒక నష్టాన్ని మాత్రం మాట పూడ్చలేకపోయింది. తరగతి గదిలో అందరూ కలిసి “ఒకటి, రెండు, మూడు” అని లెక్కపెడుతూ చేస్తారు. వీడియో పిలుపులో ఒక్కొక్కరి గొంతు ఒక్కొక్క క్షణం ఆలస్యంగా చేరుతుంది కాబట్టి కలిసి లెక్కపెట్టడం అసాధ్యం. అందరి మైకులూ మూసి శిక్షకుడొక్కడే లెక్కిస్తాడు. మైఖేల్ థాట్, ఆయన సహచరులు 1990ల నుంచి చేసిన పరిశోధనల్లో క్రమమైన తాళానికి అడుగు వేసినప్పుడు పక్షవాతం వచ్చినవారి నడక వేగం, అడుగు పొడవు మెరుగుపడినట్టు తేలింది. తరువాతి దెబ్బ ఎప్పుడు పడుతుందో చెవికి ముందే తెలుస్తుంది కాబట్టి కాలు దానికి సిద్ధమవుతుంది. కోలాటం, చెక్కభజన ఎరిగిన పల్లెల్లో ఈ సంగతిని ఎవరికీ వివరించి చెప్పనక్కరలేదు. కోలాటాన్ని చికిత్స అనడం నా ఉద్దేశం కాదు. వేగం, తిరగడం, గుంపు ఒత్తిడి తూలే మనిషికి ప్రమాదమే. దాని తాళాన్ని మాత్రం విడదీసి, ముందే రికార్డు చేసి ప్రతి ఇంటికీ పంపవచ్చు. ఇంటి ఫోనులోంచి వచ్చే తాళానికి నెట్‌వర్కు ఆలస్యం ఉండదు. తోడు మనిషి రెండు చెక్కలు తట్టినా చాలు.

తెలంగాణలో 2020 సెప్టెంబరు 1 నుంచి బడిపిల్లల పాఠాలను దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ఛానెళ్ళలో ప్రసారం చేశారు. స్మార్ట్‌ఫోను లేని ఇంట్లో కూడా టీవీ ఉంటుందన్నది ఆ ఏర్పాటుకు ఆధారం. మెదడు గాయపడిన వయోజనుల వ్యాయామానికి కూడా వీడియో పిలుపుకన్నా టీవీ అనుకూలం. బొమ్మ పెద్దది, ముఖాల గళ్ళు లేవు, బటన్లు నొక్కే పని లేదు, రోజూ ఒకే వేళకు వస్తుంది. తనంతట తాను మొదలుపెట్టలేని మనిషికి ఆ వేళే పిలుపవుతుంది. లోపమేమిటంటే టీవీ అతన్ని చూడలేదు. అతను తూలినా, ఆగినా, తప్పు కాలు ఎత్తినా అది ముందుకు సాగుతూనే ఉంటుంది. కాబట్టి అటువంటి ప్రసారానికి వారానికొకసారి ఫిజియోథెరపిస్టు నుంచి ఒక ఫోను పిలుపు జతకావాలి. ప్రసారపు వాచకాన్ని ఫిజియోథెరపీ కళాశాల, తెలుగుశాఖ కలిసి రాయాలి. ఉత్తరాంధ్రలో ఒకలా, తెలంగాణలో ఒకలా, రాయలసీమలో ఒకలా పలికే ‘కూర్చోండి’, ‘కూసోండి’, ‘కుచ్చోండి’లలో ఏది ఎక్కడ చేరుతుందో విని నిర్ణయించాలి. ఆ వాచకాన్ని అచ్చుకు పంపే ముందు మాట సరిగా రాని ఇద్దరు ముగ్గురి ఎదుట చదివి, వారి కాళ్ళు ఏ మాట దగ్గర ఆగిపోయాయో గుర్తుపెట్టుకుని, ఆ మాటను మార్చాలి.